ఇంజిన్ గాలిదారిలో ఎపాక్సీ అతుకు

ఎపాక్సీ రెండు భాగాల జిగురు. రెసిన్, హార్డెనర్ విడిగా ఉన్నంతకాలం మెత్తగానే ఉంటాయి. తగిన పాళ్లలో కలిపితే వాటి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. ఆ తర్వాత ఎంత వేడి చేసినా మళ్లీ కరిగి ద్రవం కావు. కారే పైపులకు, నీళ్ల ట్యాంకులకు మెత్తే ఎం-సీల్ ఈ కోవకు చెందినదే.

ఈ రెసిన్ల చరిత్ర ఇంజిన్లతో మొదలు కాలేదు. 1934లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త పాల్ ష్లాక్ వీటిపై పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1938లో స్విట్జర్లాండ్‌లో పియర్ కాస్తాన్ కట్టుడు పళ్ల కోసం ఇలాంటి రెసిన్ తయారుచేశారు. ఆ హక్కులు బాసెల్ నగరంలోని సీబా కంపెనీకి చేరాయి. అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ పెయింట్ల పరిశ్రమ కోసం అదే దారిలో పనిచేశారు. 1946లో అరల్డైట్ అనే ఎపాక్సీ జిగురు బజారులోకి వచ్చింది. 1969లో టెక్సస్ రాష్ట్రంలోని సల్ఫర్ స్ప్రింగ్స్‌లో ఉక్కు పొడి కలిపిన జె-బి వెల్డ్ పుట్టింది. వెల్డింగ్ మిషను లేకుండానే లోహాన్ని అతికించవచ్చన్న ధీమా గ్యారేజీలకు వచ్చింది ఇలాంటి సరుకుల వల్లనే.

ఇంజిన్‌కు గాలి ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్, ఇన్‌టేక్ మానిఫోల్డ్, పోర్టు, వాల్వు మీదుగా సిలిండర్‌కు చేరుతుంది. మానిఫోల్డ్‌ను ఒకప్పుడు పోత ఇనుముతో, తర్వాత అల్యూమినియంతో చేసేవారు. ఇప్పుడు చాలా కార్లలో గాజుపీచు కలిపిన నైలాన్‌తో చేస్తున్నారు. పికప్ పెంచాలనుకునేవారు పోర్టులను అరగదీస్తారు, పెద్ద థ్రాటిల్ బిగిస్తారు, అక్కరలేని రంధ్రాలు మూస్తారు. అరగదీయడంలో గోడకు చిల్లు పడినా, పోర్టు అడుగును ఎత్తు చేయాల్సి వచ్చినా ఎపాక్సీ చేతికి వస్తుంది. రేసు ఇంజిన్లు కట్టేవారు దీన్ని చాలాకాలంగా వాడుతున్నారు. అయితే రేసు ఇంజిన్‌ను తరచూ విప్పి చూస్తారు. రోడ్డు మీద తిరిగే కారు మానిఫోల్డ్‌ను ఏళ్ల తరబడి ఎవరూ విప్పరు. అతుకు వదులవుతున్న సంగతి బయటికి తెలిసే అవకాశం తక్కువ.

మొదటి శత్రువు వేడి. ప్రతి ఎపాక్సీకి గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అని ఒక హద్దు ఉంటుంది. అది దాటితే జిగురు కరగదు కానీ బిగువు కోల్పోయి మెత్తబడుతుంది. గది వేడిలో ఆరిన మామూలు రకాలకు ఈ హద్దు చాలాసార్లు 50 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. ఇంజిన్ కూలెంట్ సుమారు 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గాలి 100 డిగ్రీలు దాటగలదు. డబ్బా మీద కనిపించే పెద్ద అంకె చాలావరకు పదార్థం ఎంత వేడికి చెడిపోతుందో చెబుతుంది. ఆ వేడిలో పట్టు ఎంత మిగులుతుందో అది చెప్పదు.

రెండోది వ్యాకోచంలో తేడా. మీటరు పొడవున్న అల్యూమినియం ఒక డిగ్రీ వేడికి దాదాపు 23 మైక్రాన్లు సాగుతుంది. ఏ పొడీ కలపని ఎపాక్సీ దాదాపు అంతకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సాగుతుంది. ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అతుకు అంచుల మీద లాగుడు పడుతుంది. ఇంజిన్ అదురు దానికి తోడవుతుంది. మూడోది రసాయనాల దాడి. పోర్టు గోడల మీద పెట్రోలు తుంపర్లు, క్రాంక్‌కేసు నుంచి వచ్చే నూనె ఆవిరి పడుతుంటాయి. భారతదేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్ముతున్నారు. ఆల్కహాల్ కొన్ని ఎపాక్సీలను ఉబ్బిస్తుంది.

అతుకు అంచున చిన్న చీలిక వచ్చినా చాలు. ఐడ్లింగ్‌లో పెట్రోలు ఇంజిన్ మానిఫోల్డ్ లోపలి పీడనం బయటి గాలి పీడనంలో మూడో వంతు దాకా పడిపోతుంది. సెన్సర్ లెక్కలోకి రాని గాలి అక్కడి నుంచి లోపలికి దూరి మిశ్రమాన్ని పలచన చేస్తుంది. ఐడ్లింగ్ నిలకడ తప్పుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. టర్బో కార్లలో ఒత్తిడి పెరిగినప్పుడు అదే చీలిక గుండా గాలి బయటికి పోతుంది.

ముక్క ఊడితే ప్రమాదం ఇంకా పెద్దది. ఫిల్టర్ దాటాక దాన్ని ఆపేది ఏదీ లేదు. అది థ్రాటిల్ పలక దగ్గర ఇరుక్కుంటే పలక పూర్తిగా మూసుకోదు. వాల్వు సీటు మీద ఇరుక్కుంటే కంప్రెషన్ పోతుంది, వాల్వు వంగవచ్చు కూడా. సిలిండర్‌లోకి జారితే, పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య కొన్నిచోట్ల మిల్లీమీటరు ఎడమే ఉంటుంది కనుక రెండూ దెబ్బతింటాయి. టర్బోకు ముందున్న గొట్టంలో ఊడితే నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే చక్రానికి తగులుతుంది.

వేడికి తగని పదార్థం గాలిదారిలో ఏం చేస్తుందో ఒక విమాన ప్రమాదం చూపించింది. 2025 మార్చి 18న ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్ విమానాశ్రయంలో దిగబోతున్న కోజీ మార్క్ 4 అనే చిన్న విమానం ఇంజిన్ శక్తి కోల్పోయింది. గాలి వెళ్లే ప్లాస్టిక్ వంపు గొట్టం మెత్తబడి కుంగిపోయిందని దర్యాప్తులో తేలింది. అది త్రీడీ ప్రింటర్‌తో చేసిన భాగం. దాని మెత్తబడే హద్దు 105 డిగ్రీలని యజమాని అనుకున్నారు. పరీక్షలో 52.8, 54 డిగ్రీలని వచ్చింది. అసలు డిజైనులో ఉన్నది గాజుపీచు, ఎపాక్సీ గొట్టం. సరిగా వేడిచేసి గట్టిపరిస్తే దాని హద్దు 84 డిగ్రీలు. అంటే ఎపాక్సీ వాడటమే తప్పు కాదు. రకం, గట్టిపరిచే పద్ధతి, వాడే చోటు చూసుకోకపోవడమే తప్పు.

తప్పనిసరైతే భాగాన్ని పూర్తిగా విప్పి, నూనె జిడ్డును అసిటోన్‌తో తుడిచి, ముతక ఉప్పుకాగితంతో గరుకు చేసి, మళ్లీ తుడవాలి. రెండు భాగాలనూ తూకం వేసి కలపాలి. హార్డెనర్ ఎక్కువ పోస్తే గట్టిదనం పెరగదు, తగ్గుతుంది. తయారీదారు చెప్పిన వేడిలో చెప్పినంతసేపు ఉంచాలి. పాలీప్రొపిలీన్ గొట్టాలకు మామూలు ఎపాక్సీ పట్టదు. అతుకు ఎప్పుడూ బయటి వైపే ఉండాలి, ఊడినా ముక్క రోడ్డు మీద పడాలి కానీ సిలిండర్‌లో పడకూడదు. లోపలి వైపు చిల్లు పడిన అల్యూమినియం మానిఫోల్డ్‌కు వెల్డింగ్ చేయించడం, నైలాన్‌దైతే కొత్తది మార్చడం మేలు. మానిఫోల్డ్ ధర చాలావరకు ఇంజిన్ బోరు పనికయ్యే ఖర్చు కన్నా తక్కువే.