అడవి లెక్క, గొడ్డలి లెక్క

అడవి నుంచి ఏటా ఎంత కలప నరకవచ్చు అంటే, పైపైన చూసినవారికి జవాబు తేలికే: ఎంత పెరిగితే అంత. చిక్కల్లా ఆ పెరుగుదల దగ్గరే ఉంది. ఈ ఏడు ఎంత పెరుగుతుందన్నది నిరుడు ఎంత మిగిల్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎంత నరుకుతారన్నదేమో చుట్టుపక్కల ఎన్ని మిల్లులు కట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇలా ఒకదాన్ని ఒకటి లాగుతూ, నెడుతూ ఉండే సంగతులన్నిటినీ కలిపి కాలంతో పాటు లెక్కగట్టే పద్ధతినే సిస్టమ్ డైనమిక్స్ అంటారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ అనే ఇంజినీరు 1950ల చివర్లో దీన్ని రూపొందించాడు. ఫ్యాక్టరీలో సరుకు నిల్వలు ఒకసారి పేరుకుపోయి, మరోసారి అడుగంటడం ఎందుకో తేల్చడానికి మొదట వాడాడు. 1972లో వెలువడిన ‘ద లిమిట్స్ టు గ్రోత్’ పుస్తకం ఈ పద్ధతిని ప్రపంచం మొత్తానికీ వర్తింపజేసింది. దాంతో దీనికి పేరుతో పాటు బోలెడు వివాదమూ వచ్చింది.

ఇందులో ముఖ్యమైనవి నిల్వ, ప్రవాహం, వాటి మధ్య జాప్యం. చెరువులో నీరు నిల్వ. వాగు నుంచి వచ్చేదీ తూము నుంచి పోయేదీ ప్రవాహాలు. అడవిలో నిలబడి ఉన్న కలప నిల్వ, చెట్ల ఎదుగుదల లోపలికి వచ్చే ప్రవాహం, నరికివేత బయటికి పోయే ప్రవాహం. పోలిక అంతవరకే. చెరువులో నీరు ఉన్నంత మాత్రాన వాన పడదు. అడవిలో ఉన్న చెట్టు మాత్రం విత్తనాలు రాల్చి కొత్త చెట్లకు మూలమవుతుంది, అంటే నిల్వే ప్రవాహాన్ని పెంచుతుంది. చెట్లు మరీ ఒత్తుగా పెరిగితే వెలుతురూ నీరూ చాలక అదే నిల్వ ప్రవాహాన్ని తగ్గిస్తుంది కూడా. ఇలా నిల్వ ప్రవాహాన్ని, ప్రవాహం తిరిగి నిల్వను మార్చడాన్ని వలయం అంటారు. ఈ రెండు వలయాల్లో ఎప్పుడు ఏది పైచేయి అవుతుందో చూడటమే మోడల్ పని.

ఒక ఊహా అడవిని తీసుకుంటే సంగతి స్పష్టమవుతుంది. ఆ నేల గరిష్ఠంగా 100 లక్షల ఘనపు మీటర్ల కలపను మోయగలదనీ, అడవి పలచగా ఉన్నప్పుడు ఏటా 4 శాతం పెరుగుతుందనీ అనుకుందాం. అడవి నిండుగా ఉంటే నికర పెరుగుదల సున్నా, ఎందుకంటే పెరిగినంత మేరకు ముసలి చెట్లు కూలిపోతుంటాయి. అడవి సగానికి వచ్చినప్పుడు పెరుగుదల అన్నిటికంటే ఎక్కువ, ఏటా లక్ష ఘనపు మీటర్లు. పావు వంతే మిగిలితే 75 వేలకు పడిపోతుంది. బెల్జియం గణితవేత్త వెర్‌హుల్స్ట్ 1838లో జనాభా పెరుగుదల కోసం రాసిన సమీకరణం ఇచ్చే లెక్క ఇది.

ఈ నిండు అడవి నుంచి ఏటా లక్షన్నర ఘనపు మీటర్లు నరుకుతూ పోతే, మొదటి పావు భాగం 24 ఏళ్లలో పోతుంది. ఆ తర్వాత తరుగు నెమ్మదిస్తుంది. మధ్యలోని సగం పోవడానికి 87 ఏళ్లు పడుతుంది. చివరి పావు మళ్లీ 24 ఏళ్లలోనే మాయమవుతుంది. ప్రమాదం ఆ మధ్యలోని 87 ఏళ్లలో దాగి ఉంది. అడవి పలచబడే కొద్దీ మిగిలిన చెట్లు చురుగ్గా పెరిగి నష్టాన్ని కొంత పూడుస్తాయి. ఆ కాలంలో అడవిని చూసే అధికారికి తరుగుదల అదుపులోకి వచ్చినట్టే తోస్తుంది. మూడు తరాల అధికారులు అంతా బాగుందని రిపోర్టులు రాసి రిటైరవుతారు. నాలుగో తరం వారి కళ్ల ముందే అడవి కూలుతుంది.

ఏటా 90 వేలు మాత్రమే నరికితే అదే అడవి తగ్గి తగ్గి, 66 లక్షల దగ్గర నిలదొక్కుకుంటుంది. కానీ నిల్వ అప్పటికే 34 లక్షల కంటే దిగువకు పడిపోయిన అడవి నుంచి అదే 90 వేలు తీస్తే అది కోలుకోదు. నరికివేత పరిమాణం ఒక్కటే, ఫలితాలు మాత్రం రెండు. ‘ఏటా ఇంతే నరుకుతున్నాం’ అన్న మాట ఒక్కటే అడవి క్షేమానికి హామీ కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నిజమైన అడవి ఒకే ముద్ద కాదు. మొలకలు, లేత చెట్లు, కోతకొచ్చిన మాన్లు వేర్వేరు నిల్వలు. ఒక నిల్వ నుంచి మరోదానికి చేరడానికి దశాబ్దాలు పడుతుంది, మొదట చెప్పిన జాప్యం ఇదే. కంప్యూటర్లు పుట్టకముందే ఈ సంగతిని చేతి లెక్కలతో పట్టుకున్నవాడు డైట్రిచ్ బ్రాండిస్. ఈ జర్మన్ వృక్షశాస్త్రవేత్త 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల బాధ్యత చేపట్టాడు. ఏనుగు మీద అడవిలో తిరుగుతూ, చెట్లను చుట్టుకొలతను బట్టి తరగతులుగా విడగొట్టి, వెదురు ముక్కల మీద గాట్లు పెట్టి లెక్కించాడు. ఆరడుగుల చుట్టుకొలత దాటినవి మొదటి తరగతి. కింది తరగతి చెట్లు పై తరగతికి చేరడానికి ఎన్నేళ్లు పడుతుందో అంచనా వేసి, ఆ వేగానికి మించకుండా పెద్ద చెట్ల కోతను నిర్ణయించాడు. నేటి మోడల్ గీసేవారు ‘వయసు గొలుసు’గా చూపించేది దాదాపు ఇదే. బ్రాండిస్ 1864లో భారత అటవీ శాఖకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు.

బ్రాండిస్ లెక్కలో చెట్లు ఉన్నాయి కానీ మిల్లు లేదు. సిస్టమ్ డైనమిక్స్ అదనంగా చేసేది మిల్లు సామర్థ్యాన్ని కూడా ఒక నిల్వగా గీయడం. కలప చౌకగా, విరివిగా దొరికే కాలంలో లాభాలు బాగుంటాయి, యంత్రాలు పెరుగుతాయి. ఆ యంత్రాలు దశాబ్దాల పాటు పనిచేస్తాయి. అప్పు తీరాలంటే పనిచేయక తప్పదు కూడా. అడవి తగ్గినంత త్వరగా మిల్లు తగ్గదు. అడవిని చివరికి కూల్చేది ఎక్కువగా ఈ రెండు వేగాల మధ్య తేడాయే.

కర్ణాటక వెదురు కథ దీనికి మంచి ఉదాహరణ. ఉత్తర కన్నడ జిల్లా దండేలిలో 1950ల చివర్లో వెలసిన కాగితం మిల్లుకు ప్రభుత్వం వెదురును టన్ను రూపాయిన్నరకు ఇచ్చింది. అడవిలో ఉన్న వెదురు అంచనా వాస్తవం కంటే చాలా ఎక్కువగా ఉంది. ఆ ధరకు పొదుపు చేయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? దగ్గరి పొదలు తరిగితే దూరపు అడవులకు, అవీ తరిగితే ఇతర రాష్ట్రాలకు వెళ్లారు. దూరం నుంచి సరుకు వస్తున్నంత కాలం మిల్లుకు కొరత తెలియదు, కాబట్టి దిద్దుబాటు వలయం తెగిపోయింది.

1970ల్లో ప్రభుత్వం కోరగా పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ దీన్ని పరిశీలించాడు. కోతకు వీలుగా ఉంటుందనీ, పొదకు మంచిదనీ వెదురు మొదళ్ల దగ్గరి ముళ్లకంపను తొలగించేవారు. నిజానికి కొత్తగా మొలిచే వెదురు కొమ్ములను పశువులూ అడవి జంతువులూ తినేయకుండా కాపాడేది ఆ కంపే. ముళ్లు పోయాక పెరుగుదలా పోయింది. ఈ సంగతి ఊరివాళ్లకు ముందే తెలుసు, ప్రణాళిక రాసినవారికి తెలియదు. సాధారణ మోడల్‌లో నరికివేత నిల్వను మాత్రమే తగ్గిస్తుంది. ఇక్కడ నరికే తీరు పెరుగుదల రేటునే దెబ్బతీసింది. మోడల్ బొమ్మలో కోత నుంచి పెరుగుదల రేటుకు ఆ ఒక్క బాణం గీయకపోతే ఎంత చక్కటి సమీకరణమైనా తప్పుడు జవాబే ఇస్తుంది.

పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకు కోసం పెంపకందారులతో నేరుగా సంబంధం పెట్టుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. తెలుగు ప్రాంతాల్లో రాజమహేంద్రవరం, భద్రాచలం వైపు కాగితం మిల్లులు రైతుల జామాయిల్, సరుగుడు, సుబాబుల్ తోటల మీద ఆధారపడ్డాయి. అడవి మీద ఒత్తిడి తగ్గింది గానీ, జాప్యం అడవి నుంచి పొలానికి మారింది. రైతు ఈనాటి ధర చూసి సుబాబుల్ వేస్తే కర్ర చేతికొచ్చేది మూడు, నాలుగేళ్లకు. అందరూ ఒకేసారి వేస్తే అందరి కర్రా ఒకేసారి మార్కెట్టుకు వస్తుంది, ధర కుప్పకూలుతుంది. ఇలాంటి ఎత్తుపల్లాలను పందులు, పశువులు, కోళ్ల మార్కెట్లలో డెనిస్ మెడోస్ 1970 నాటి పుస్తకంలో మోడల్ గీసి వివరించాడు. సుబాబుల్‌కు మరో చిక్కుంది. కొట్టేసినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. తోట తీసేయాలంటే మొద్దులు పెకలించే ఖర్చు రైతు మీదే పడుతుంది. అందుకే ధర పడినా సరఫరా త్వరగా తగ్గదు, మందకొడి కాలం సాగుతుంది.

ఇలాంటి మోడళ్లు ఫలానా సంవత్సరంలో ఇన్ని టన్నులు అని జోస్యం చెప్పవు. హుద్‌హుద్ లాంటి తుపాను, కార్చిచ్చు, వెదురు మూకుమ్మడిగా పూచి ఎండిపోవడం ఏ గీతనైనా చెరిపేస్తాయి. ఏ నిర్ణయం ఏ తీరుకు దారితీస్తుందో చూపడమే వీటి పరిధి. అందుకు ఖరీదైన కంప్యూటర్లూ అక్కర్లేదు. పైన చెప్పిన ఊహా అడవిని మామూలు ఎక్సెల్ షీటులో ఏడాదికో వరుస చొప్పున వేయవచ్చు.

కష్టమంతా అందులో పెట్టే అంకెల దగ్గరే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదికల్లో, హెక్టారుకు మించిన విస్తీర్ణంలో 10 శాతం పైగా చెట్ల నీడ ఉన్న నేల, ఎవరి సొంతమైనా, ఏ చెట్లున్నా, అటవీ విస్తీర్ణం కిందే చేరుతుంది. సుబాబుల్ తోటా నల్లమల అడవీ ఒకే పద్దులో పడితే, పెద్ద మాన్లు తరుగుతున్నా మొత్తం అంకె పెరగవచ్చు. కోతకు అనుమతులిచ్చేవారు విస్తీర్ణం అంకెను పక్కనబెట్టి, జాతి వారీగా, వయసు వారీగా నిలబడి ఉన్న కలపను కొలిపించాలి. మిల్లు సామర్థ్యం ఆ కొలత తర్వాతే నిర్ణయించాలి. దండేలిలో తప్పింది ఈ వరుసే.