మీకు తెలుసా? బీభత్సమున దాగిన కరుణ

• కెనడా దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1983లో వెలువరించిన 'వీడియోడ్రోమ్' చిత్రమున, కథానాయకుని ముఖమును తనలోనికి లాగికొనుచు ఉబ్బి శ్వాసించు టెలివిజన్ తెర కంప్యూటర్ మాయ కాదు. సాగెడు రబ్బరు పొరపై వెనుకనుండి బింబమును ప్రసరింపజేసి దానికి ప్రాణము పోసిరి.

• ఆయనయే 1986లో తీసిన 'ది ఫ్లై'లో, ఈగతో ఏకమైపోయిన శాస్త్రవేత్త గోళ్లూడి, దంతములు రాలి, చెవి ఊడిపడి, క్రమక్రమముగా మనుష్యరూపమును కోల్పోవును. ఆ వికృతరూప కల్పనకు ఉత్తమ మేకప్ విభాగమున ఆస్కారు లభించినది.

• జపానులో షిన్యా త్సుకమోతో తన 'టెట్సువో'ను (1989) 16 మి.మీ. నలుపు తెలుపు ఫిల్ముపై చిత్రించి, సామాన్యోద్యోగి దేహమునుండి లోహపు తుక్కు మొలకెత్తుటను చూపెను.

• ఇవి కేవలము జుగుప్సాప్రదర్శనములని ఆక్షేపించువారు కలరు. అయితే 'ది ఫ్లై' ఎయిడ్స్ వ్యాధికి ప్రతీకయని పలువురు వ్యాఖ్యానింపగా, వార్ధక్యమును, మరణమును ఉద్దేశించియే తానట్లు తీసితినని దర్శకుడు చెప్పెను.

బీభత్సమును రసములలో ఒకటిగా పరిగణించిన భరతుని సంప్రదాయమెరిగిన మనకు, ప్రియుని దేహక్షయమును నిస్సహాయముగా చూచు ప్రేయసి దుఃఖమును మరువనీయని 'ది ఫ్లై'యే వీనిలో ఉత్తమమని తోచక మానదు.