చేపపిల్లల నీటికి రాతి వడపోత

ఈవేళ నీటిని తేటపరిచే ఇసుక, రాళ్ళు, ఖనిజాల సంగతి ముచ్చటించుకుందాం.

రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల చెరువులకు వాననీరే కాక, కొన్నిచోట్ల సింగరేణి బొగ్గుబాయిల నుండి తోడిపోసే నీరు కూడా చేరుతున్నది. వాననీటిలో బురద ఉంటుంది. బాయినీటిలో బొగ్గునుసి, కొన్నిచోట్ల ఇనుము, కరిగిన లవణాలు ఉంటాయి. నుసి, తుప్పు మొప్పలకు పట్టుకుంటే చేపకు ఊపిరాడదు. ముందు పోయేవి పిల్లచేపలే. ఏడాది రాబడి అంతా ఆ పిల్లల మీదనే గదా!

మన పెద్దలు చిల్లగింజ అరగదీసి కుండనీళ్ళు తేర్చేవారు. ఇసుక, కట్టెబొగ్గు పోసిన కుండలు ఒకదానిమీద ఒకటి పేర్చి వడగట్టేవారు. మన పనికీ అదే సూత్రం. అయితే ఒక్క మాట. "బొగ్గుకు మన ఊళ్ళో కొదువేమిటి, అదే పోద్దాం" అనుకోవద్దు. కట్టెబొగ్గు వేరు, రాక్షసిబొగ్గు వేరు. గనిబొగ్గు నుసి రాల్చి నీటిని మరింత నలుపు చేస్తుంది.

మొదటి పని, బాయినీటిని తిన్నగా కుంటలోకి వదలకుండా ఉండటం. మెట్లుగా పేర్చిన రాళ్ళమీదుగా దూకించండి. గాలి తగలగానే, కరిగి కనపడని ఇనుము ఎర్రని తుప్పుగా మారుతుంది. తరువాత చిన్న మడుగులో ఒకటి రెండు రోజులు నిలిపితే తుప్పూ, నుసీ చాలావరకు అడుక్కు దిగుతాయి. పైతేటను మాత్రమే తీసుకోవాలి.

రెండవది ఇసుక వడపోత. సిమెంటు వరలో అడుగున పెద్ద కంకర అర అడుగు, దానిపైన శనగగింజంత కంకర అర అడుగు, ఆపైన బాగా కడిగిన ఇసుక రెండడుగులు పొయ్యాలి. చదరపు మీటరు ఇసుకలో గంటకు సుమారు 100 నుంచి 200 లీటర్లు నిదానంగా దిగితేనే వడపోత చక్కగా ఉంటుంది. ఎకరం కుంటలో మీటరు లోతు నీరంటే 40 లక్షల లీటర్లు. కనుక వడపోత పిల్లల తొట్టికే. కుంటకు మడుగే మార్గం. నీరు దిగడం మందగిస్తే పైన అంగుళం ఇసుక గీకి, కడిగి, తిరిగి పొయ్యండి.

ఎంతకూ తేరని బురదకు పటిక ఉన్నది. లీటరు నీటిలో 10 గ్రాముల పటిక కరిగించండి. కుంటనీరు 10 లీటర్ల చొప్పున మూడు బకెట్లలో పట్టి, 10, 20, 30 మిల్లీలీటర్లు కలిపి గంటసేపు చూడండి. ఏది తేరితే అదే లెక్క. ప్రతి 10 మిల్లీలీటర్లకూ మీటరు లోతున్న ఎకరానికి 40 కిలోలు పడుతుంది. పటిక నీటికి పులుపు తెస్తుంది గనుక ముందు పి.హెచ్. పరీక్ష చేయించండి. పులుపు నీటికి సున్నపురాయి పొడి మంచిది. బాయినీరు క్షారంగా ఉంటే సున్నం జోలికే పోవద్దు. క్షారం పెరిగినకొద్దీ నీటిలోని అమ్మోనియా మరింత విషమవుతుంది.

దుకాణాల్లో అమ్మే జియొలైటు కూడా ఖనిజమే. 1756లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెట్ దీనిని కాల్చగా బుడబుడ పొంగింది; అందుకే "ఉడుకురాయి" అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. ఇది సోడియాన్ని వదలి, అమ్మోనియాను పట్టుకుంటుంది. తొట్టి వడపోతలో బాగా పనిచేస్తుంది. శక్తి తగ్గితే బయటికి తీసి, ఉప్పునీటిలో నానబెట్టి, కడిగి, మళ్ళీ వాడవచ్చు. చేపలకు వైద్యమని తొట్టిలో ఉప్పు వేసేటప్పుడు మాత్రం జియొలైటును ముందే తీసివేయాలి. లేకుంటే పట్టిన అమ్మోనియాను అది తిరిగి నీటిలోకి విడుస్తుంది. ఎకరాల కుంటలో నాలుగు సంచులు చల్లితే ఫలితం స్వల్పం. అక్కడ మేత తగ్గించడమే మేలు, అది ఖర్చులేని మందు.

చివరిగా, కరిగిన లవణాలను ఇసుకగానీ, పటికగానీ తియ్యలేవు. పిల్లలు వదిలేముందే ఒక సీసాడు నీరు పరీక్షకు పంపండి. తేటగా కనబడే నీరంతా మంచినీరు కాదు.