ఈనే గొర్రెలో నట్టలు ఎందుకు పెరుగుతాయి?

మంద మొత్తానికి నట్టల మందు తాగించి నెల తిరగకముందే కొన్ని గొర్రెలు మళ్లీ పాలిపోతాయి. మందు పని చేయలేదని చాలామంది మరో విడత తాగిస్తారు. అంతకంటే ముందు, గొర్రె ఒంట్లోనే నట్టలతో పోరాడే కణాల సంగతి తెలుసుకోండి.

వానాకాలంలో మన గొర్రెలను ఎక్కువగా దెబ్బతీసేది హీమాంకస్ అనే నట్ట. ఇది నాలుగో పొట్ట గోడను పట్టుకుని రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పీలుస్తుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మి.లీ. రక్తం పోయినట్టే. ఆడ నట్ట రోజుకు 5 వేలకు పైగా గుడ్లు పెట్టగలదు.

సూక్ష్మక్రిమినైతే తెల్లరక్తకణం మింగేస్తుంది. నట్టను మింగలేదు, అది అంత పెద్దది. అందుకే ఇక్కడ పోరాటం వేరుగా ఉంటుంది. జీర్ణకోశం లోపలి పొరలోని కణాలు నట్టను పసిగట్టి సంకేతం పంపుతాయి. దాన్ని అందుకున్న టి-సహాయక కణాలు ఇసినోఫిల్ కణాలను, మాస్ట్ కణాలను అక్కడికి రప్పిస్తాయి. జిగురు ఎక్కువగా ఊరుతుంది. గడ్డితో లోపలికి వెళ్లిన పిల్ల నట్టల్లో చాలా వరకు నిలదొక్కుకోలేక పేడతో బయటికి పోతాయి. మిగిలినవి సరిగా ఎదగవు, గుడ్లూ తక్కువే పెడతాయి. అయితే పోరు మితిమీరితే గొర్రె పొట్ట గోడే దెబ్బతింటుంది. అందుకని పగ్గం వేసే నియంత్రణ టి-కణాలు కూడా ఉంటాయి. నట్టలు తక్కువవేమీ కాదు, కొన్ని పదార్థాలు వదిలి ఈ పోరును మందగింపజేస్తాయి.

ఈ పోరుకు మాంసకృత్తులు కావాలి. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి, ఈనిన తర్వాత ఆరేడు వారాల దాకా అవి కడుపులోని పిల్లకు, పాలకు ఖర్చవుతాయి. తల్లిలో పట్టు సడలి, పేడలో గుడ్లు పెరుగుతాయి. రోగనిరోధక శక్తి ఇంకా రాని పిల్ల అదే బీడులో మేత మొదలుపెడుతుంది. వానాకాలపు పిల్లల చావులకు ఇదీ ఒక కారణమే.

కాబట్టి చూడి చివరి నెలన్నర, పాలిచ్చే మొదటి రెండు నెలలు తల్లికి రోజూ 200-250 గ్రాముల దాణా పెట్టండి. అందులో వేరుశనగ చెక్క ఉండాలి. కొనలేకపోతే సుబాబుల్, అవిశ ఆకు కొంతైనా వేయండి. మంచు ఆరాకే మేతకు వదలండి. తడి గడ్డి కొసలకు పిల్ల నట్టలు పాకి ఉంటాయి.

నెలనెలా మందకంతా మందు తాగించడం మంచి పద్ధతి కాదు. మందుకు లొంగని నట్టలే చివరికి మిగులుతాయి. కింది కనురెప్ప లాగి చూడండి. ఎర్రగా ఉంటే ఆగవచ్చు. తెల్లబడినా, దవడ కింద నీరు దిగినా వెంటనే పశువైద్యుడు చెప్పిన మోతాదులో తాగించండి. చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు. మందు తాగించిన రెండు వారాలకు పేడ పరీక్ష చేయించండి, గుడ్లు తగ్గకపోతే అప్పుడు మందు మార్చాలి.