వృత్తిని విచారించు వైద్యము

సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు ఇనుపదారిమీద, రైలుస్టేషనునే తన పేరునకు ముందు తగిలించుకొన్న స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా రేయింబవళ్లు బండ్లు పోవుచుండును. వానిని నడపు లోకోపైలట్ల కన్నులను రైల్వే వైద్యులు కొలువున చేరునాడును, ఆపై నియతకాలములందును, వయసు మీఱినకొలది మఱింత తఱచుగను పరీక్షించి గాని బండి నెక్కనీయరు. ఈ ఆచారము వ్యాపించుటకు 1875లో స్వీడను దేశమున లాగర్‌లుండా యొద్ద రెండు రైళ్లు ఢీకొని తొమ్మండుగురు మరణించుట ఒక కారణము. సంకేతదీపపు రంగును పోల్చలేకపోవుటయే అందులకు హేతువని శరీరధర్మశాస్త్రజ్ఞుడు హోల్మ్‌గ్రెన్ యూహించి, రంగురంగుల ఉన్నిచిలపల నేఱించి రైల్వే నౌకరులను పరీక్షించెను. ఆ యూహను తరువాతివారు సందేహించిరి గాని పరీక్ష మాత్రము లోకమున నిలిచిపోయెను.

అయినను అది ప్రయాణికుల రక్షణకై పుట్టినది. పనివాని యొడలిని వాని కొఱకే చూచు వైద్యము వేఱు. రోగిని చూడబోయినపుడు 'నీ పని యేమి?' యని కూడ నడుగుడని 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని బోధించినది దానినే.

ఘన్‌పూర్ చుట్టుపట్ల ఆ ప్రశ్నకు 'పత్తిచేలల్ల మందు కొడ్త' ననునది ఒక బదులు. వీపున పంపు మోయుచు గాలికెదురుగా నడచువాని చర్మము గుండ, శ్వాస గుండ మోనోక్రోటోఫాస్ వంటి భాస్వర సంబంధమైన విషము నెత్తుట జేరి, నాడులనుండి కండరములకు వార్త యందిన పిమ్మట ఆ వార్తను చెఱపివేయు కోలినెస్టరేజ్ అను ఎంజైమును బంధించును. వార్త యాగదు, చెమట, చొంగ, కండరముల అదురు, ఊపిరి యాడకపోవుట వరుసగా వచ్చును, కంటిపాప సూదిమొనయంత యగును. దీనికి అట్రోపిన్ విఱుగుడు కలదు. అయితే ఇంతదూరము రాకమున్నే, లక్షణములేవియు పొడసూపకుండగనే, ఎంజైము తగ్గుట రక్తపరీక్షలో తెలియును. అందులకు మందు ముట్టకమున్నటి కొలత యొకటి తొలకరికి ముందే వ్రాసియుంచవలెను, ఏలనన ఆ కొలత మనిషి మనిషికి వేఱు.

మన దేశపు 1971 నాటి క్రిమిసంహారక నిబంధనలు ఇట్టి విషములను తయారుచేయు సంస్థలలోని వారికి నెలనెల ఈ పరీక్షను విధించినవి. ఒకరి చేనిలో నొకనాడు, మఱియొకరి చేనిలో మఱునాడు పంపు మోయు కూలికి సంస్థ యేది? 2025 దాక అమలున నుండిన 1948 నాటి కర్మాగారముల చట్టమును గేటు దాటి వాని చెంతకు రాలేదు. నీళ్లు మోసి మందు కలుపు ఆడుకూలీలను లెక్కించువారు మఱియు తక్కువ.

నన్నడిగిన, పరీక్షకంటె దాని తరువాతి మాట కఠినము. చూపు తప్పిన రైల్వే ఉద్యోగికి అదే వేతనశ్రేణిలో వేఱొక కొలువు చూపు పద్ధతి కలదు. 'కొన్ని వారములు మందు ముట్టకు' మని చెప్పించుకొన్న కూలికి అట్టి యాసరా లేదు గనుక వాడు వైద్యునికి తన తలతిప్పటను దాచును. పత్తి యేఱుటకు పంపుదమన్నను, కొత్తగా మందు కొట్టిన చేనిలో ఆకులనంటిన విషము చేతులకెక్కును. మందు పడని చేనికో, ఉపాధిహామీ పనికో పంపి, కూలి తగ్గకుండ జూచి, నెత్తుటి కొలత మొదటి యంకె కెక్కినదాక వేచి, పంపు మరల వాని వీపున పెట్టవలెను.