నిండు నెలల నిరీక్షణ

“డాక్టరుగారు చెప్పిన తేదీ గడచినది, ఇంకను నొప్పులు రాలేదేమమ్మా?” నిండుచూలాలున్న ఇంట ఈ ప్రశ్న వినిపింపని దినముండదు. పొరుగింటి పిన్నిగారు పలుకరించిన ప్రతిసారియు ఆ పిల్ల ముఖము చిన్నబోవును. దోషము ఆమెది కాదు, లెక్కది.

ఆస్పత్రిలో వ్రాసియిచ్చు తేదీ కడపటి బహిష్టు మొదటి దినమునుండి లెక్కించిన 280 దినములకు వచ్చును. జర్మనీ దేశపు వైద్యుడు నేగెలే పేరట వ్యాప్తిలోనున్న సూత్రమిది. గర్భము నిలుచుట సామాన్యముగా అటుపిమ్మట రెండు వారములకు గనుక, శిశువు కడుపులోనుండు కాలము 266 దినములు. మన చాంద్రమాసము సుమారు 29½ దినములు. తొమ్మిదిచే హెచ్చవేసి చూడుడు, ఇంచుమించు 266 వచ్చును! నవమాసములు మోయుట యన్న పెద్దల మాట పంచాంగపు నెలలలో చక్కగా సరిపోవుచున్నది.

అయినను ఇది సగటు మాత్రమే. సరిగా చెప్పిన తేదీన పుట్టు శిశువులు నూటికి నలుగురైదుగురు. వారము అటునిటు అయినంతమాత్రమున కలతపడ నక్కరలేదు. 41 వారములు నిండినను నొప్పులు రానిచో మందులతో ప్రసవమును ఆరంభింపజేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రక్తపుపోటు, మధుమేహము ఉన్నవారికి వైద్యులు ఇంకను ముందే నిర్ణయింతురు. ఇంటిలో ఆముదము త్రాగించి నొప్పులు రప్పింపజూచుట తగదు.

కడుపు గట్టిపడి, కొంత నడచినంతనే సర్దుకొనునవి దొంగనొప్పులు. నిజమైనవి గడియారము చూచినకొలది దగ్గరపడుచు, బలమగుచుండును.

ఇక, నిరీక్షింపరాని సందర్భములు కొన్ని కలవు. ఉమ్మనీరు పోయినను, రక్తము కనిపించినను, విపరీతమైన తలనొప్పితో కన్నులు మసకబారినను వెంటనే ఆస్పత్రికి పోవలెను. అన్నింటికంటె ఎక్కువగా ఉపేక్షింపబడునది మరియొకటి: బిడ్డ కదలిక తగ్గుట. “నెలలు నిండినవి, చోటు చాలక కదలుటలేదు” అని ఇంటివారు సమాధానపడుదురు. ఇది పొరపాటు. కదలు తీరు కొంత మారవచ్చును గాని, ప్రసవమగువరకు కదలిక తగ్గరాదు. తల్లికి అనుమానము తోచినచో తెల్లవారువరకు ఆగక, ఆ రాత్రియే చూపింపవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో 108కి ఫోను చేసినచో బండి ఉచితముగా వచ్చును.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్లను అక్కడి వైద్యులు ఎరుగరు. పరీక్షల కాగితములు, రక్తపు గ్రూపు చీటి పాతచీరల మూటతోపాటు ఇప్పుడే ఒక సంచిలో సర్ది, తలుపు దగ్గర నుంచుడు.