కింద పడితే లేచి రావడమే గెలుపు!

సినిమాలో కొట్లాట ఎట్లా ఉంటుందో మనందరికీ తెలిసిందే. హీరో గాలిలోకి ఎగిరి విలన్ తలమీద ఒక్క తన్ను తంతాడు. వాడు పోయి కూరగాయల బండిమీద పడతాడు. మళ్లీ దుమ్ము దులుపుకుని లేచి వచ్చి ఇంకో నాలుగు తింటాడు. 1990లో వచ్చిన 'కర్తవ్యం'లో విజయశాంతి పోలీసు డ్రెస్సులో రౌడీలను చితకబాదుతుంటే మనం ఎంత మురిసిపోయామో! ఆ విజయశాంతిగారే 2009లో మన మెదక్ నుంచి పార్లమెంటుకు కూడా గెలిచారు.

అది సినిమా, బాగానే ఉంది. కానీ ఇప్పుడు పిల్లలు సెల్‌ఫోన్లో చూసేది సినిమాలు మాత్రమే కాదు. కంచె కట్టిన బోనులోకి ఇద్దరు దిగి, తలమీద తన్నుకుంటూ, కింద పడి ఒకరి మెడ ఒకరు బిగించే పోటీలు చూస్తున్నారు. ఎంఎంఎ అంటారట వాటిని. "అమ్మా, నిజం కొట్లాటలో ఇదే పని చేస్తది" అంటాడు కొడుకు. "నన్ను కరాటేలో చేర్పించు, ఎవడొచ్చినా తలమీద తంత" అంటుంది బిడ్డ. మనం కూర తరుగుతూ "సరే సరే" అంటాం. కానీ ఇది సరే సరే అని వదిలేసే మాట కాదండీ. ఒక ప్రాణం నిలవడానికీ, పోవడానికీ సంబంధించిన మాట.

ఆటకు నియమం ఉంది, గల్లీకి లేదు

తైక్వాండో పోటీలో తలమీద తన్నితే పొట్టమీద తన్నినదానికంటే ఎక్కువ పాయింట్లు ఇస్తారు. అందుకే పిల్లలకు అదంటే అంత మోజు. అయితే అక్కడ తలకు మెత్తటి టోపీ ఉంటుంది, కింద మెత్తటి చాప ఉంటుంది, మధ్యలో రెఫరీ ఉంటాడు.

మన చేగుంట పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరానికి పోతే కామారెడ్డి దాటగానే నిజామాబాద్ జిల్లా. ఆ నిజామాబాద్ అమ్మాయే నిఖత్ జరీన్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. అంతటి పోటీలో కూడా నియమం ఏమిటో తెలుసా? కాలితో తన్నడమే లేదు. ఎదుటి మనిషి కింద పడితే వెంటనే దూరం జరగాలి. రెఫరీ అంకెలు లెక్కపెడతాడు. పడ్డవాళ్లను ముట్టుకోవడానికి వీల్లేదు.

మన జాతరల్లో కుస్తీ చూడండి. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగుస్తుంది. ఎదుటివాడి వీపు నేలకు ఆనిస్తే గెలిచినట్టే. గుద్దడం, తన్నడం లేదు. ఆ నేల కూడా మామూలు నేల కాదు. తవ్వి, రాళ్లు ఏరి, మెత్తగా చేసిన మట్టి.

ఇక పిల్లలు చెప్పే ఆ బోను పోటీల సంగతి. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ పోటీ జరిగింది. మొదటి ఆటలోనే కొండంత సుమో మల్లుడొకడు కింద పడ్డాడు. ఎదుటివాడు వాడి మొహంమీద తన్నితే పన్ను ఎగిరిపోయింది. ఆ రాత్రి చివరికి గెలిచింది మాత్రం రాయిస్ గ్రేసీ అనే సన్నటి బ్రెజిల్ మనిషి. అతను ఎదుటివాళ్లను కింద పట్టి లొంగదీసి ఓడించాడు. అప్పటినుంచే "కింద పడి కొట్లాడటం నేర్చుకోవాలి" అనే మాట ప్రపంచమంతా పాకింది. కానీ పిల్లలకు తెలియని సంగతి ఒకటుంది. తర్వాత ఆ పోటీలకే కట్టుదిట్టమైన నియమాలు రాసుకున్నారు. కింద ఉన్నవాడి తలమీద కాలితో తన్నడం అక్కడ కూడా నిషేధం! అంత మొరటు ఆటలోనే వద్దన్నారంటే అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

సీసీ రోడ్డు పరుపు కాదు

గల్లీలో కొట్లాట అయితే కింద ఉండేది సీసీ రోడ్డు, మోరీ గట్టు, కంకర. మెదడు చూస్తే జున్నుముక్కంత మెత్తన. గట్టి పుర్రెలో నీటిలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. తలకు దెబ్బ తగిలితే లోపల అది కదిలిపోతుంది. కణత దగ్గర ఎముక పలుచన, దాని కిందే రక్తనాళం. నిలబడ్డ మనిషి దెబ్బకు తెలివి తప్పితే చెయ్యి అడ్డం పెట్టుకోలేడు. కొబ్బరికాయ పడ్డట్టు తల నేలకు కొట్టుకుంటుంది. చాలాసార్లు దెబ్బకంటే ఆ పడటమే ప్రాణం తీస్తుంది.

కింద పడి కుస్తీ పట్టడంలోనూ ఇదే చిక్కు. బోనులో ఇద్దరే ఉంటారు. బయట వాడి దోస్తులు వస్తారు, చేతికి రాయి దొరుకుతుంది. ఒకడి మెడ పట్టుకుని కింద ఉంటే రెండోవాడు తలమీద తంతాడు. అందుకే కింద పడ్డప్పుడు ఏం చేయాలో తప్పకుండా నేర్చుకోవాలి. అయితే అక్కడే ఉండి గెలవడానికి కాదు, లేచి బయటపడడానికి!

చీరకట్టులో తలమీద తన్నా?

తలమీద తన్నాలంటే ఒంటికాలిమీద నిలబడాలి. చీర, లంగా అడ్డం. చుడీదార్ అయినా చెప్పులు జారతాయి. ఏళ్లతరబడి సాధన చేసినవాళ్లే తడబడతారు. ఎదుటివాడు ఆ కాలు పట్టుకున్నాడంటే పడేది మనమే. కాబట్టి తన్నాలనుకుంటే మోకాలికంటే పైకి వద్దు. ముంగాలిమీద తన్నండి, లేదా మడమతో పాదంమీద గట్టిగా తొక్కండి. చెయ్యి పట్టుకుంటే వాడి బొటనవేలు వైపు తిప్పి లాగండి, పట్టు అక్కడే బలహీనం. అన్నిటికంటే ముందు గొంతు చించుకుని అరవండి. అరవడం మర్యాద కాదని మన ఆడపిల్లలకు చిన్నప్పటినుంచీ నేర్పుతాం. ఆ పాఠం మాత్రం మార్చాలి.

కింద పడితే ఏం చేయాలి?

1. పడేటప్పుడు గడ్డాన్ని రొమ్ముకు ఆనించండి. అప్పుడు తల వెనకభాగం నేలకు కొట్టుకోదు. చేతులు వెనక్కి నిటారుగా పెట్టకండి, మణికట్టు విరుగుతుంది.

2. వెల్లకిలా పడితే కాళ్లు వాడివైపు ఉండేట్టు తిరగండి. మోకాళ్లు మడిచి ఉంచండి. దగ్గరికి వస్తే మడమతో వాడి మోకాలిమీద, ముంగాలిమీద తన్నండి. వాడు పక్కకు వస్తే మీరూ అటే తిరగండి.

3. మీద ఎక్కి కూర్చుంటే వాడి ఒక చేతిని రెండు చేతులతో రొమ్ముకు అదిమి పట్టండి. అదే వైపు ఉన్న వాడి పాదానికి మీ పాదం అడ్డం పెట్టండి. నడుము ఒక్కసారిగా పైకి ఎత్తి ఆ వైపుకే దొర్లండి. వాడికి ఆనుకునేందుకు చెయ్యీ లేదు, కాలూ లేదు. బరువైనవాడు కూడా పక్కకు పడతాడు.

4. లేచేటప్పుడు ఒక చెయ్యి వెనక నేలకు ఆనించి, రెండో చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్లు వాడిమీదే ఉంచి లేవండి. లేవగానే పరుగు. వెలుతురు ఉన్నచోటికి, మనుషులు ఉన్నచోటికి.

5. నలుగురు చుట్టుముడితే రెండు చేతులతో తల, మెడ కప్పుకోండి. సందు దొరకగానే లేవండి.

ఇవి చదివితే వచ్చేవి కావు. తెలిసిన మాస్టరు దగ్గర ఒకసారి నేర్చుకుని, ఇంట్లో రెండు బొంతలు పరిచి తల్లీబిడ్డలు కలిసి మెల్లగా చేసుకోవాలి. మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు చూడటంతో సరిపెట్టుకోండి. ఇంకో మాట. భయంతో బిగుసుకుపోయి ఏమీ చేయలేకపోయిన ఆడపిల్లను "నువ్వెందుకు కొట్టలేదు?" అని మాత్రం అడగకండి. తప్పు చేసింది వాడు, ఆమె కాదు.

మోటారుసైకిల్ మీద వచ్చి మెడలో గొలుసు లాగేవాళ్ల సంగతి కూడా ఇంతే. పుస్తెలతాడు అని ప్రాణం ఒప్పుకోదు, నిజమే. కానీ బండితోపాటు రోడ్డుమీద ఈడ్చుకుపోతే పగిలేది తల. బంగారం మళ్లీ కొనుక్కోవచ్చు.

కొడుకులకు చెప్పవలసిన మాట

బిడ్డలకు రక్షణ నేర్పడం సగం పని. మిగతా సగం కొడుకులకు చెప్పడం. పెళ్లి బరాత్‌లో డీజే దగ్గర లొల్లి, గణేశ్ నిమజ్జనంలో లొల్లి, క్రికెట్ దగ్గర లొల్లి. ఒకడు కింద పడితే నలుగురు పోరగాళ్లు మీద పడి తంతారు. ఎవరికీ చంపాలని ఉండదు. కానీ ఒక్క తన్ను కణతమీద తగిలితే? అటు ఒక తల్లికి కడుపుకోత, ఇటు ఇంకో తల్లి కొడుకు జైలుపాలు. హత్య కేసో, హత్య కిందికి రాని నరహత్య కేసో మెడకు చుట్టుకుంటుంది.

2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. ప్రాణభయం, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటివి ముంచుకొస్తే ఎదుటివాడి ప్రాణం పోయినా అది నేరం కాదని చట్టం చెబుతుంది. అయితే అవసరానికి మించి కొట్టకూడదు. వాడు పడిపోయి ప్రమాదం తప్పిన తర్వాత తలమీద తన్నితే అది ఆత్మరక్షణ కాదు. "పడినవాడిని తన్నేవాడు మగాడు కాదు" అని మన పెద్దలు అన్న మాట చట్టానికీ సరిపోయింది.

దెబ్బ తగిలి ఇంటికొస్తే...

కొడుకు మొహం వాచి వస్తాడు. "ఏం కాలేదమ్మా, పడ్డ" అంటాడు. మనం పసుపు అద్ది, పాలు తాగించి పడుకోబెడతాం. ఇక్కడే జాగ్రత్త! తలకు దెబ్బ తగిలినవాళ్లు కొందరు కాసేపు తెలివి తప్పి, మళ్లీ మామూలుగా మాట్లాడతారు. కానీ పుర్రె లోపల రక్తం కారుతూనే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత ఒక్కసారిగా పడిపోతారు. మధ్యలో బాగున్న ఆ వేళే మనల్ని మోసం చేస్తుంది.

ఒక్క క్షణమైనా తెలివి తప్పినా, తలనొప్పి పెరుగుతున్నా, మాటిమాటికీ వాంతులైనా, మాట తడబడినా, లేపితే లేవకపోయినా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దగా కనిపించినా, ముక్కులోంచి చెవిలోంచి నీళ్లుగానీ రక్తంగానీ కారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. తలకు స్కానింగ్ తీసే ఆసుపత్రికి తీసుకుపోవాలి. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు వేయకండి, కొన్ని మాత్రలు రక్తం కారడాన్ని పెంచుతాయి. ఏ లక్షణమూ లేకపోయినా ఒక రోజంతా ఒంటరిగా వదలకండి. ఎక్కడ పడ్డాడో, ఎవరు తన్నారో తిట్లు తర్వాత తిట్టుకోవచ్చు. ముందు "తలకు తగిలిందా?" అని అడగండి. నిజం చెప్పే ధైర్యం వాడికి ఉండాలంటే మనం కేకలు వేయకూడదు మరి.

ఎవరైనా వెంటపడినా, వేధించినా 100కుగానీ 112కుగానీ చెప్పవచ్చు. 2014లో మొదలైన షీ టీమ్స్ పనే అది. బిడ్డ కరాటేకు పోతానంటే పంపండి, కొడుకు కుస్తీకి పోతానంటే పంపండి. ఒంటికి మంచిది, మనసుకు ధైర్యం. కాకపోతే ఇద్దరికీ ఒకటే మాట చెప్పి పంపండి: నీ తల కాపాడుకో, ఎదుటివాడి తలమీద తన్నకు, కింద పడితే లేచి ఇంటికి రా. తలుపు తీసి చూసే తల్లికి అంతకంటే పెద్ద గెలుపు ఏముంటుంది చెప్పండి!